పాలలో వెన్న, కీళ్లలో మంట

పుంగనూరు ఆవు మూపు దగ్గర 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. బరువు సాధారణంగా రెండు క్వింటాళ్ల లోపే. ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లు పడమటి మండలాలు అని పిలిచే మెట్ట ప్రాంతంలో, పుంగనూరు, మదనపల్లె, వాయల్పాడు, పలమనేరు చుట్టుపక్కల ఈ జాతి పుట్టి పెరిగింది. వాన తక్కువ, పచ్చిమేత తక్కువ ఉన్న ఆ నేలకు కొద్ది మేతతో బతికే చిన్న పశువే తగింది. ఎక్కువ పాల కోసం జెర్సీ, హెచ్.ఎఫ్. సంకరాలు వచ్చాక ఇది అంతరించే దాకా వచ్చింది. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్న పలమనేరు పశు పరిశోధన కేంద్రం జాతిని నిలబెట్టుకొచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో ఈ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక దేశమంతా దీని పేరు తెలిసింది.

పేరుతోపాటు మాటలూ పెరిగాయి. ఈ పాలలో వెన్న 8 శాతమని, ఇవి తల్లిపాలకు సాటి అని, తాగితే కీళ్లవాతం తగ్గుతుందని అమ్మేవాళ్లు చెబుతుంటారు. మొదటి మాట కొలిచి తేల్చదగ్గది. రెండోది శిశుపోషణకు, మూడోది రోగనిరోధక శాస్త్రానికి సంబంధించినవి. మూడింటిలోనూ విచారించాల్సిన వస్తువు మాత్రం ఒకటే, కొవ్వు.

కుప్పం నుంచి మదనపల్లె దాకా పొద్దున్నే పాల కేంద్రం దగ్గర క్యాన్లతో నిలబడే రైతులకు ‘వెన్న’, ‘ఎస్.ఎన్.ఎఫ్.’ (కొవ్వు కాని ఘనపదార్థం) అనే రెండు అంకెలు కంఠపాఠం. రేటు కట్టేది వాటి మీదే. ఇప్పుడు యంత్రం చిటికెలో చీటీ ఇచ్చేస్తోంది. దాని లెక్క సరిగా ఉందో లేదో చూడడానికి మాత్రం ఇప్పటికీ పాత గెర్బర్ పద్ధతే ఆధారం. సన్నటి మెడ ఉన్న గాజు బుడ్డిలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం పోస్తారు. దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలను అంచు వెంబడి మెల్లగా జారవిడుస్తారు. ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు చేర్చి, బిరడా బిగించి ఊపుతారు. బుడ్డి చెయ్యి పట్టలేనంత వేడెక్కుతుంది, పాలు ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. ఆమ్లం మాంసకృత్తుల్ని కరిగించేస్తే కొవ్వు విడిపడుతుంది. గిరగిరా తిప్పే యంత్రంలో కాసేపు ఉంచి తీస్తే పసుపుపచ్చని నూనె బుడ్డి మెడలోకి తేలి నిలుస్తుంది. మెడ మీది గీతలు లెక్కబెడితే అదే వెన్న శాతం.

అలా కొలిచి నమోదు చేసిన జాతి వివరాల్లో పుంగనూరు ఆవు ఒక ఈతకు ఇచ్చే పాలు సగటున 546 కిలోలు, వెన్న సగటున 5 శాతం. సంకర ఆవు పాలలో వెన్న మూడున్నర, నాలుగు శాతం దగ్గర ఉంటుంది కాబట్టి 5 శాతం మంచి అంకే. ఎనుము పాలలో అది సుమారు 7 శాతం. వెన్న శాతమే గొప్పదనమైతే ముందు దండం పెట్టాల్సింది ఎనుముకు. పాలు తక్కువ ఇచ్చే పశువు పాలలో వెన్న శాతం ఎక్కువగా ఉండడం పాడి పరిశ్రమలో అందరూ ఎరిగిందే. పైగా ఒకే పూట, ఒకే ఆవు దగ్గర, మొదటి ధారల్లో కంటే ఆఖరి ధారల్లో వెన్న ఎంతో ఎక్కువ. ఆఖరి ధారలు మాత్రమే తెచ్చి కొలిస్తే 8 రావడం వింత కాదు, అది జాతి సగటు అనడమే వింత.

ఈ శాతం చెప్పేది కొవ్వు ఎంత ఉందన్నదే. ఎలాంటి కొవ్వన్నది బుడ్డి మెడ చూస్తే తెలియదు. పాలలో కొవ్వు సన్నని గోళాలుగా తేలుతూ ఉంటుంది. ఒక్కో గోళం అడ్డుకొలత మిల్లీమీటరులో వెయ్యోవంతుకు మూడు నాలుగు రెట్లు. ఒక్కోదాని చుట్టూ పొదుగు కణాల నుంచి వచ్చిన మూడు పొరల పలచని తొడుగు. లోపలి కొవ్వు దాదాపు అంతా ట్రైగ్లిజరైడ్లు. ట్రైగ్లిజరైడు అంటే మూడు కొక్కేలున్న చిలక్కొయ్య అనుకోవచ్చు: గ్లిసరాల్ అనే కొయ్యకు మూడు కొవ్వు ఆమ్లాలు తగిలించి ఉంటాయి. ఏ ఆమ్లం ఉందన్నదొక్కటే కాదు, అది ఏ కొక్కేనికి ఉందన్నది కూడా పసిబిడ్డ కడుపుకు ముఖ్యం.

తల్లిపాలలో కొవ్వు 3 నుంచి 5 శాతం మధ్య ఉంటుంది. బిడ్డకు అందే శక్తిలో దాదాపు సగం దానిదే. ఇక్కడా మొదట వచ్చే పాలు పలచన, చివరివి చిక్కన. శాతం చూస్తే ఆవుపాలకూ తల్లిపాలకూ తేడా కనబడదు. మిగతావి చూస్తే పోలికే లేదు. మాంసకృత్తులు తల్లిపాలలో ఒక శాతం, ఆవుపాలలో మూడు శాతం పైన. లాక్టోజు తల్లిపాలలో 7 శాతం, ఆవుపాలలో 5 కంటే తక్కువ. ఖనిజ లవణాలు ఆవుపాలలో మూడు రెట్లు. ఏడాదిలోపు బిడ్డకు ఆవుపాలే ప్రధాన ఆహారమైతే మూత్రపిండాల మీద బరువు పడుతుంది, ఇనుము చాలక రక్తం తగ్గుతుంది, కొందరికి పేగుల్లోంచి కంటికి కనబడనంత రక్తం పోతుంది. సగానికి సగం నీళ్లు కలిపి చక్కెర వేసే పాత పద్ధతిలో మాంసకృత్తులు తగ్గిన మాట నిజమే, వాటితోపాటు కొవ్వూ సగమైపోతుంది. ఆవు ఏ జాతిదైనా ఈ లెక్క మారదు. దూడ రెండు నెలల్లోపే పుట్టినప్పటి బరువుకు రెట్టింపు అవుతుంది. మనిషి బిడ్డకు అయిదు నెలలు పడుతుంది. ఎవరి బిడ్డకు తగిన పాలు వాళ్లవి.

ముర్రుపాల సంగతి కూడా ఇంతే. దూడకు మాయ ద్వారా ప్రతిరక్షకాలు అందవు. పుట్టిన మొదటి రోజు తాగిన ముర్రుపాలలోంచే అవి పేగు దాటి దాని రక్తంలోకి చేరాలి. మనిషి బిడ్డకు అలాంటివి కడుపులో ఉండగానే మాయ ద్వారా అందుతాయి. తల్లి ముర్రుపాలలోని ఐజీఏ ప్రతిరక్షకాలు పేగు గోడకు కాపలాగా ఉంటాయి. ఇంట్లో జున్ను వండుకునే ముందు దూడ కడుపు నిండిందా అని చూడమని పశువైద్యులు పోరేది ఇందుకే.

తల్లిపాలు అందని బిడ్డ కోసం డబ్బా పాలు తయారుచేసే ప్రయత్నం 1860లలో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు యుస్టుస్ ఫాన్ లీబిగ్‌తో, స్విట్జర్లాండులో హెన్రీ నెస్లేతో మొదలైంది. మన దేశంలో అప్పట్లో ఎనుము పాలే ఎక్కువ, వాటి వెన్న పిల్లలకు అరగదని అభ్యంతరం ఉండేది. 1950లలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఎనుము పాలతో శిశు ఆహారం చేసే పద్ధతిని రూపొందించింది. ఆణంద్‌లో అమూల్ దాన్ని ఆచరణలో పెట్టింది. తర్వాతి కాలంలో చాలా కంపెనీలు పాలలోని వెన్న తీసేసి, ఆ స్థానంలో పామాయిలు, కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు, సోయా నూనెల మిశ్రమం కలపసాగాయి. తల్లిపాలలో పామిటిక్ ఆమ్లం 20 నుంచి 25 శాతం ఉంటుంది కాబట్టి ఆ వాటా పామాయిలుతో నింపారు. కాగితం మీద లెక్క కుదిరింది.

కడుపులో కుదరలేదు. తల్లిపాలలో పామిటిక్ ఆమ్లం ఎక్కువ భాగం, సుమారు 60 నుంచి 70 శాతం, నడిమి కొక్కేనికి ఉంటుంది. పామాయిలులో అది అటూ ఇటూ చివరి కొక్కేలకు ఉంటుంది. క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైము చివరి రెండింటినీ కత్తిరించి నడిమిదాన్ని అలాగే వదిలేస్తుంది. నడుమ ఉన్న పామిటిక్ గ్లిసరాల్‌తో కలిసి సులువుగా పేగులోకి ఇంకుతుంది. చివరల నుంచి ఊడిన పామిటిక్ మాత్రం పాలలోని కాల్షియంతో కలిసి సబ్బు కడుతుంది, అక్షరాలా సబ్బే. అది నీటిలో కరగదు. బిడ్డకు దక్కాల్సిన కొవ్వూ కాల్షియమూ రెండూ మలంలో పోతాయి, మలం గట్టిపడుతుంది. డబ్బా పాలు తాగే పిల్లలకు మలబద్ధకం ఎక్కువని తల్లులు చెప్పే మాటకు ఒక కారణం ఇది. ఎంజైములతో కొవ్వును తిరగ్గట్టి పామిటిక్‌ను నడుమకు చేర్చిన నూనెలు ఇప్పుడు కొన్ని ఖరీదైన డబ్బాల్లో వస్తున్నాయి. విచిత్రమేమంటే, తీసిపారేసిన ఆవు వెన్నలో పామిటిక్ అమరిక తల్లిపాల అంత కాకపోయినా పామాయిలు కంటే ఎంతో మెరుగు. అందుకే కొందరు తయారీదార్లు మళ్లీ వెన్న వైపు తిరుగుతున్నారు.

వెన్నతోపాటు పోయిన గోళాల తొడుగునూ తిరిగి కలిపి చూస్తున్నారు. స్వీడన్‌లోని ఉమెయో నగరంలో చేసిన పరీక్షలో ఆ తొడుగు పదార్థం కలిపిన డబ్బా పాలు తాగిన పిల్లలకు ఏడాది వయసులో తెలివి పరీక్షలో మామూలు డబ్బా పిల్లల కంటే 4 మార్కులు ఎక్కువ వచ్చాయి. అదే పిల్లల్ని ఆరున్నరేళ్లప్పుడు పరీక్షిస్తే తేడా కనబడలేదు. డబ్బా మీది రాతల్లో ఈ రెండో సంగతి ఉండదు. మన దేశంలో 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ఈ డబ్బాలకు ప్రకటనలివ్వడాన్ని, ఉచితంగా నమూనాలు పంచడాన్ని, డబ్బా మీద పిల్లల బొమ్మలు వేయడాన్ని నిషేధించింది. 2003లో దాన్ని మరింత బిగించారు.

బిడ్డ మెదడుకూ కంటిపొరకూ రెండు పొడవాటి కొవ్వు ఆమ్లాలు కావాలి: ఒమేగా-3 జాతికి చెందిన డి.హెచ్.ఎ., ఒమేగా-6 జాతికి చెందిన అరాకిడోనిక్ ఆమ్లం. తల్లిపాలలో రెండూ కొద్దికొద్దిగా ఉంటాయి, నూనెల మిశ్రమంలో ఉండవు. డి.హెచ్.ఎ.ను సముద్రపు నాచు నుంచి, అరాకిడోనిక్‌ను ఒక రకం బూజు నుంచి తీసి డబ్బా పాలలో కలుపుతారు. ఐరోపా సమాఖ్య 2020 నుంచి డి.హెచ్.ఎ.ను తప్పనిసరి చేసింది.

ఈ అరాకిడోనిక్ ఆమ్లమే కథను పసిబిడ్డ మెదడు నుంచి పెద్దవాళ్ల కీళ్లలోకి తీసుకువెళుతుంది. కణాల పొరల్లో దాగి ఉండే ఈ ఆమ్లం నుంచి ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రైన్లు తయారవుతాయి. నొప్పి, వాపు, వేడి, ఎరుపు రావడంలో వాటి చెయ్యి ఉంది. ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకునే నొప్పి తగ్గిస్తుందని 1971లో బ్రిటన్‌కు చెందిన జాన్ వేన్ తేల్చాడు. 1982 నోబెల్ బహుమతి ఆయనకూ, ప్రోస్టాగ్లాండిన్ల గుట్టు విప్పిన బెర్గ్‌స్ట్రోమ్, సామ్యూల్‌సన్‌లకూ దక్కింది. చేపనూనెలోని ఒమేగా-3 ఆమ్లాలు అదే ఎంజైముల దగ్గర అరాకిడోనిక్‌తో పోటీ పడతాయి, పైగా వాపును చల్లార్చే పదార్థాలుగా మారతాయి.

కీళ్లు నొప్పి పుట్టినదల్లా రుమటాయిడ్ కీళ్లవాతం కాదు. వయసు మళ్లాక మోకాలి మృదులాస్థి అరగడం వేరు. 2005-06లో రాయలసీమను పట్టిన చికున్‌గున్యా నెలల తరబడి మిగిల్చిన నొప్పులు వేరు. రుమటాయిడ్ వాతంలో సొంత రోగనిరోధక వ్యవస్థే కీలు మీద పడుతుంది. వేళ్ల కణుపులు, మణికట్లు రెండు వైపులా ఒకేసారి వాస్తాయి. పొద్దున లేవగానే చేతులు బిగుసుకుపోయి గంట దాకా పిడికిలి పట్టదు. మన దేశంలో వెయ్యి మంది పెద్దల్లో సుమారు ఏడెనిమిది మందికి ఇది ఉందని పాత సర్వే ఒకటి లెక్కగట్టింది. ఆడవాళ్లలో మగవాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ.

జబ్బు కీలులో కనబడుతుంది కానీ మొదలయ్యేది బహుశా వేరేచోట. మాంసకృత్తుల్లోని అర్జినిన్ అనే భాగాన్ని ఒక ఎంజైము సిట్రులిన్‌గా మారుస్తుంది. పొగ తాగేవాళ్ల ఊపిరితిత్తుల్లో, చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్ల నోటిలో ఈ మార్పు ఎక్కువ. హెచ్.ఎల్.ఎ.-డి.ఆర్. జన్యువుల్లో కొన్ని రకాలు ఉన్నవాళ్ల శరీరం ఇలా మారిన తన మాంసకృత్తుల్ని పరాయివిగా పొరబడి వాటి మీద ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది. డాక్టర్లు రాసే యాంటీ సి.సి.పి. పరీక్ష వాటి కోసమే. కీళ్లు నొప్పి పుట్టడానికి ఏళ్ల ముందే అవి రక్తంలో కనబడతాయి. తర్వాత ఎప్పుడో కీలు పొరలోకి టి కణాలు, బి కణాలు, మాక్రోఫేజులు చేరతాయి. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత పదార్థాలు వెల్లువెత్తుతాయి. ఉబ్బిన పొర మృదులాస్థినీ ఎముకనూ తినేస్తూ పోతుంది. 1992లో లండన్‌లో ఫెల్డ్‌మన్, మైని టి.ఎన్.ఎఫ్.ను ఒక్కదాన్నే అడ్డుకుని చూస్తే జబ్బు చాలామందిలో గణనీయంగా తగ్గింది. ఇప్పటి ఖరీదైన ‘బయోలాజికల్’ ఇంజెక్షన్లు ఆ దారిలో వచ్చినవే.

పాలకు ఇందులో పాత్ర ఉందా అని వెతికినవాళ్లు ఉన్నారు. 1980ల మొదట్లో కేంబ్రిడ్జిలో కూంబ్స్, ఓల్డ్‌హామ్ ఒక జాతి కుందేళ్లకు నీళ్లకు బదులు ఆవుపాలు పట్టిస్తే కొన్నిటి కీళ్లలో ఇలాంటి వాపే వచ్చింది. 1986లో అమెరికాలో పానుష్ బృందం ఒకే ఒక్క రోగిని పరీక్షించింది. 52 ఏళ్ల ఆమెకు, ఏది ఇస్తున్నారో తెలియకుండా పాలు ఇచ్చినప్పుడల్లా కీళ్లు బిగుసుకున్నాయి, మానేస్తే తగ్గాయి. ఇలాంటివాళ్లు ఉంటారు, కానీ బహు తక్కువ. నార్వేలో 2006లో రోగుల పేగు ద్రవంలో పాల మాంసకృత్తుల మీద ప్రతిరక్షకాలు ఎక్కువగా కనబడ్డాయి; పాలే కాదు, గోధుమ, గుడ్డు వంటి వాటి మీద కూడా. పేగు గోడ తీరు మారిందనడానికి అది గుర్తు కావచ్చు, పాలు కారణమని చెప్పడానికి చాలదు. ఇటు 2015లో డచ్చి పరిశోధకులు ఆవుపాలలోని అతి సూక్ష్మమైన తిత్తుల్ని ఎలుకలకు తాగిస్తే కీళ్ల వాపు తగ్గింది. కుందేలుకు హాని, ఎలుకకు మేలు. మనిషికి ఏ జంతువు ప్రయోగాన్నీ యథాతథంగా అన్వయించలేం.

ఒమేగా-3 సంగతి కాస్త గట్టిది. ఆస్ట్రేలియాలో జబ్బు కొత్తగా మొదలైన రోగులకు మందులతోపాటు రోజుకు 5.5 గ్రాముల ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. అనే ఒమేగా-3 ఆమ్లాలు ఇచ్చి చూస్తే, తక్కువ మోతాదు తీసుకున్నవాళ్ల కంటే వాళ్లలో మందులు విఫలం కావడం తగ్గింది, జబ్బు అణగడం పెరిగింది. మందులతోపాటు అన్న మాట ముఖ్యం. ఆవుపాలలో ఈ ఆమ్లాలు జాడ మాత్రంగా ఉంటాయి. వెన్న 5 శాతమైనా 8 శాతమైనా, రోజుకు 5.5 గ్రాములు అందాలంటే ఎన్ని బిందెలు తాగాలో లెక్క వేయడం కూడా అనవసరం.

దేశవాళీ ఆవు పాలు ఎ2 రకమని, అందుకే కీళ్లకు మంచిదని మరో వాదం. పాల మాంసకృత్తు అయిన బీటా కేసిన్‌లో 67వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం తేడానే ఎ1, ఎ2. 2009లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ అందుబాటులో ఉన్న అధ్యయనాలన్నీ పరిశీలించి, ఎ1కూ జబ్బులకూ కార్యకారణ సంబంధం తేలలేదని చెప్పింది. 2024 ఆగస్టులో మన ఆహార భద్రతా సంస్థ ప్యాకెట్ల మీద ఈ రాతలు తీసేయమని ఆదేశమిచ్చి, కొద్ది రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకుంది. ఆదేశం వెనక్కి పోయినంత మాత్రాన రుజువు ముందుకు రాలేదు.

కీళ్లవాతానికి తెలుగు నేల నుంచి అందిన సాయం పాలది కాదు, ఒక మనిషిది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధన సారథిగా ఉండగా, 1940లలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ వెంటనే దానికి అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను తయారుచేసింది. అవి రక్త క్యాన్సర్ కోసం. 1951లో గబ్నర్ బృందం అమినోప్టెరిన్‌ను కీళ్లవాతానికి వాడి ఫలితం చూసింది; చాలా ఆలస్యంగా, 1988లో, అమెరికా మెథోట్రెక్సేట్‌ను ఈ జబ్బుకు అనుమతించింది. ఈనాడు రుమటాయిడ్ వాతానికి ప్రపంచమంతటా మొదట రాసే మందు అదే. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరబాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దుష్ఫలితాలు తగ్గడానికి దానితోపాటు రాసే రెండో మాత్ర ఫోలిక్ ఆమ్లం. చీటీలో ఉన్న రెండు మందులూ సుబ్బారావు ప్రయోగశాల దాటి వచ్చినవే.

బాలింతల దగ్గర పాలూ కీళ్లవాతమూ నిజంగా ఎదురుపడతాయి. గర్భంతో ఉన్నప్పుడు చాలామందికి ఈ జబ్బు నెమ్మదిస్తుందని 1930లలోనే ఫిలిప్ హెంచ్ గమనించాడు. కాన్పయ్యాక కొన్ని నెలల్లో మళ్లీ లేస్తుంది. మెథోట్రెక్సేట్‌ను గర్భం నిలవకముందే ఆపాలి, పాలిచ్చే రోజుల్లో వాడకూడదు. అలాగని పాలు మాన్పించి డబ్బా పట్టాల్సిన పని చాలామందికి ఉండదు. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజిన్ వంటివి డాక్టరు సలహాతో వాడుతూ బిడ్డకు పాలివ్వవచ్చు. పాలివ్వడం తల్లికి చేసే మేలు వేరే ఉంది. అమెరికా నర్సుల మీద 2004లో, స్వీడన్‌లోని మాల్మో స్త్రీల మీద 2009లో వెలువడిన అధ్యయనాల్లో మొత్తం మీద ఏడాదికి పైగా పాలిచ్చిన తల్లులకు ఆ తర్వాతి జీవితంలో ఈ జబ్బు వచ్చే అవకాశం తక్కువగా కనబడింది. మాల్మోలో 13 నెలలు దాటినవాళ్లకు దాదాపు సగమే.

రుమటాయిడ్ వాతం ఉన్నవాళ్లు పాలు మానాల్సిన అవసరం లేదు; తాగితే కీళ్లు పడుతున్నాయని తమకు స్పష్టంగా తెలిసినవాళ్ల సంగతి వేరు. స్టెరాయిడ్లు వాడేవాళ్ల ఎముకలు పలచబడతాయి కనుక, 100 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఇచ్చే పాలు వాళ్లకు అక్కరకొస్తాయి. ఆ పాలు పుంగనూరు ఆవువైనా, సంకర ఆవువైనా, ఎనుమువైనా ఒకటే. ఆరు వారాలకు మించి వేళ్ల కణుపుల వాపు, పొద్దుటి బిగుతు తగ్గకపోతే మాత్రం పాలూ పథ్యమూ అంటూ నెలలు గడపకుండా రుమటాలజిస్టును కలవాలి. మొదటి కొన్ని నెలల్లో మందు మొదలుపెడితే కీలు దక్కుతుంది. ఒకసారి కరిగిన మృదులాస్థి ఏ పాలు తాగినా తిరిగి రాదు.